శ్రీకాకుళం తీరంలో తొమ్మిది రోజులు, సముద్రం పక్కన రూము మాత్రం వద్దు

ముందే చెప్పేస్తున్నా, శ్రీకాకుళం జిల్లా తీరం చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే సముద్రానికి ఎదురుగా కాటేజీ అని ఫోటోలు చూసి డబ్బులు కట్టేయకండి. మేము కట్టాం. రెండు రాత్రులకి 5,200. ఆ కోపం ఇంకా చల్లారలేదు కాబట్టే కూర్చుని రాస్తున్నాను, మిగతా రోజులు అంత హాయిగా గడిచాయి.

వెళ్లింది ముగ్గురం, నేను, మావారు, మా అత్తగారు. ఆవిడకి 68. అరసవల్లి, శ్రీకూర్మం చూడాలని ఆవిడకి ఎన్నో ఏళ్ల కోరిక, మావారికి చేపలు, నాకు పొందూరు ఖద్దరు. కారు మాట్లాడుకుంటే మూడు రోజుల్లో అన్నీ తిరిగేసి రావచ్చు కానీ పరుగులు పెట్టే ఓపిక అత్తగారికి లేదు, నాకూ ఇష్టం లేదు. అందుకని ఆర్టీసీ బస్సులు, ఆటోలు, ఒక్కో ఊళ్లో కాసేపు కూర్చోవడం, అలా అనుకుని ఫిబ్రవరిలో రథసప్తమి రద్దీ పూర్తిగా తగ్గాక విజయవాడలో రాత్రి రైలెక్కాం.

తెలియనివాళ్ల కోసం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి ఊళ్లోకి ఇంకో పదమూడు కిలోమీటర్లు ఉంటుంది. ఆటోవాళ్లు 500 అడిగారు, బయట రోడ్డు మీదకి రెండు నిమిషాలు నడిస్తే బస్సు దొరికింది. ఆంధ్రాలో ఉండే ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే నాకూ అత్తగారికీ సున్నా టికెట్టు ఇచ్చారు, మావారొక్కరే డబ్బులు పెట్టారు. తొమ్మిది రోజుల్లో ఆయన బస్సు ఛార్జీలన్నీ కలిపినా 400 దాటలేదు. కార్డు మాత్రం మర్చిపోకండి.

శ్రీకాకుళంలో మూడు రాత్రులు ఉన్నాం, బస్ స్టాండ్ దగ్గర మామూలు లాడ్జి, మూడు మంచాల ఏసీ రూము 1,400. దుప్పట్లు పాతవే కానీ ఉతికినవి, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా వచ్చేవి. అరసవల్లి ఊళ్లోనే, గంటలో దర్శనం అయిపోయింది. శ్రీకూర్మంలో మాత్రం పూట మొత్తం గడిపాం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే అక్కడ ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి పడమర ఒకటి. గోడల మీద పాత బొమ్మలున్నాయి, కొన్ని చెరిగిపోయాయి, కొన్ని ఇంకా రంగు తేలి కనిపిస్తున్నాయి. గుళ్లో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి, డిప్ప మీద పసుపుపచ్చ గీతలు నిజంగా ముగ్గు వేసినట్టే ఉంటాయి. అత్తగారు వాటి దగ్గర అరగంట నిలబడిపోయారు, "ఎంత నెమ్మదిగా నముల్తోందో చూడమ్మాయ్" అంటూ కదలరే.

పొందూరు తీరం మీద ఉండదు, లోపలికి ఉంటుంది, అయినా వెళ్లి తీరాల్సిందే. అక్కడ ఒకావిడ వాకిట్లో కూర్చుని దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. చేతిలో పట్టేంత ఎముక, దానికి దువ్వెన కంటే సన్నగా దగ్గర దగ్గరగా పళ్లు. గింజతో ఉన్న పత్తిని ఎడమ చేత్తో పట్టుకుని ఆ దవడతో లాగుతుంటే నలకలన్నీ రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకి తిరుగుతున్నాయి. ఇనప దువ్వెన పెట్టకూడదా అని మావారు అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపి, పోగు తెగిపోద్ది బాబూ అంది. ఒక్కో గింజ చుట్టూ ఉన్న దూదిని అలా దువ్వి, ఏకి, రాట్నం మీద వడికితేనే ఆ సన్నని నూలు వస్తుంది. సన్నరకం పంచెలు మేము కొనలేం, మామూలు రకం షర్టు గుడ్డ మీటరు 650 చొప్పున రెండున్నర మీటర్లు తీసుకున్నాం. దువ్వే ఆవిడకి రోజు మొత్తం కష్టపడితే వచ్చేది ఎంతో విన్నాక బేరం ఆడబుద్ధి కాలేదు.

నాలుగో రోజు మా ఖర్మ మొదలైంది. భీమిలికీ కళింగపట్నానికీ మధ్య తీరం మీద ఉన్న ఒక ప్రైవేటు కాటేజీ, ఊరు పేరు కూడా రాయను. యాప్‌లో చూస్తే కిటికీ తీస్తే సముద్రం, తెల్లటి పరుపులు, సరుగుడు చెట్ల మధ్య ఉయ్యాల. రాత్రికి 2,600, ముందే కట్టించుకున్నారు. వెళ్లగానే అక్కడున్నతను మూడో మనిషికి రోజుకి 700 అన్నాడు. బుకింగ్‌లో ముగ్గురం అనే రాశాం కదా అని మావారు ఫోన్ చూపిస్తే, అది యాప్ లెక్క సార్ మా లెక్క వేరు అన్నాడు. అంత దూరం వచ్చాక సాయంత్రం పూట పెద్దావిణ్ణి తీసుకుని ఎక్కడికి పోతాం, కట్టాం. ఏసీ రిమోట్ అతని దగ్గరే ఉంటుందట, రాత్రి తొమ్మిదికి వేసి పొద్దున ఐదుకి ఆపేస్తాడట.

అవన్నీ సర్దుకున్నాం, నీళ్ల దగ్గర మాత్రం నా వల్ల కాలేదు. కొళాయి తిప్పితే ముందు ఎర్రగా వచ్చాయి, కాసేపటికి తేటపడ్డాయి, నోట్లో పోసుకుంటే ఉప్పు. అత్తగారు స్నానానికి వెళ్లి పది నిమిషాల తర్వాత తలుపు సందులోంచి పిలిచారు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, ఒంటికి జిడ్డుగా తెల్లటి తెట్టు అంటుకుంటోంది, మగ్గు అంచు చుట్టూ విరిగిన పాల ముద్దల్లా పేరుకుపోయింది. కుంకుడుకాయ రసం తలకి రాసుకుని కూర్చున్నారు ఆవిడ, జుట్టు మొత్తం అట్టకట్టేసింది. మావారిని కాటేజీ అతని దగ్గరికి పంపిస్తే, మంచినీళ్ల డబ్బా కావాలంటే ఒక్కోటి 80 అన్నాడట. ఊళ్లో అదే ఇరవై లీటర్ల డబ్బా 20. రెండు డబ్బాలు కొని ఆవిడ తల కడిగాను. ఆ వయసు మనిషి చలికి వణుకుతూ బాత్‌రూములో కూర్చుని "పోన్లే అమ్మాయ్, ఏం అనకు" అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

రాత్రి తిండి కూడా అంతే. కార్డు మీద ధరలు లేవు. వంజరం వేపుడు అని నాలుగు ముక్కలు తెచ్చారు, అది వంజరం కాదని మావారు మొదటి ముక్కకే చెప్పేశారు, బిల్లు 520. అత్తగారు మొక్కు ఉందని ఈ యాత్ర మొత్తం నీచు ముట్టలేదు, ఆవిడకి పెరుగన్నం అడిగితే 180. పొద్దున్నే ఖాళీ చేస్తాం రెండో రాత్రి డబ్బులు ఇచ్చేయమంటే యాప్‌లో అడగండి అన్నాడు, యాప్‌వాళ్లు హోటల్ ఒప్పుకోవాలి అన్నారు. రూపాయి తిరిగి రాలేదు. మావారికి కోపం వస్తే మాట్లాడరు, ఆ పొద్దున చాలాసేపు నోరు విప్పలేదు.

ఆ పొద్దున సంచులు పట్టుకుని రోడ్డు మీదకి వస్తే బస్సు గంట దాకా లేదు. ఎదురుగా మత్స్యకారుల ఇళ్లు, ఒక ఇంటి ముందు టీ బడ్డీ. అది నడిపే ఆవిడ అత్తగారి జుట్టు చూసి, "ఏటమ్మా, ఆ ఉప్పునీల్లతో తలకి పోసుకున్నారా, జట కట్టీద్ది, ఇలగ రండి" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. వెనక ఇసక దిబ్బ, దిబ్బ అవతల సముద్రం, నిండా రెండొందల గజాలు లేదు. ఇవతల ఇసకలో చెలమ తవ్వి ఉంది, మనిషి లోతు కూడా లేదు, చుట్టూ సిమెంటు వరలు దింపారు. అందులోంచి తోడిన నీళ్లు దోసిట్లో పట్టుకుని తాగితే తియ్యగా ఉన్నాయి. నేను నమ్మలేకపోయాను, సముద్రం చప్పుడు చెవిలో వినిపిస్తోంది మరి.

ఆవిడే చెప్పింది ఎలాగో. వాన నీరు ఇసకలో దిగి పైపైనే నిలబడుతుంది, ఉప్పునీరు బరువు కాబట్టి కింద ఉంటుంది. చేత్తో తోడుకున్నంత కాలం పైనున్న మంచినీరే వస్తుంది, లోతుగా బోరు దించి మోటరు పెట్టి లాగితే పైనున్నది కాస్తా అయిపోయి కిందున్న ఉప్పు పైకి ఎగదన్నుతుంది. "నూటేబై అడుగులు దించీసినారమ్మా ఆలు, అంత లోతుకెల్తే సముద్రం కాక ఇంకేటొస్తాది" అంది. ఆ చెలమ నీళ్లు కాచి ఇచ్చి, కుంకుడుకాయలు తనే కొట్టి, అత్తగారికి తలంటింది. డబ్బులిస్తే తీసుకోలేదు, టీలకి మాత్రం 30 తీసుకుంది. వాళ్లాయన అప్పుడే వేట నుంచి వచ్చాడు, ఫైబర్ తెప్ప ఒడ్డుకి లాగి వల దులుపుతుంటే కవళ్లు వెండి రేకుల్లా రాలాయి. మావారికి ఒక గుప్పెడు వేయించి పెట్టారు, అప్పుడు మాట్లాడారు మావారు, మొదటి మాట "ఇంకో రెండుంటే వెయ్యమ్మా."

అందుకే నా సలహా ఒకటే. రాత్రికి శ్రీకాకుళంలోనో, టెక్కలిలోనో, సోంపేటలోనో పడుకోండి, పొద్దున్నే మొదటి బస్సుకి సముద్రం దగ్గరికి వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రండి. తప్పదు తీరం మీదే ఉండాలి అంటే డబ్బులు కట్టే ముందు ఫోన్ చేసి కొళాయిలో నీళ్లు తియ్యగా వస్తాయా ఉప్పగా వస్తాయా అని అడగండి, నసిగారంటే అర్థం చేసుకోండి.

కళింగపట్నం శ్రీకాకుళం నుంచి బస్సులో వెళ్లి వచ్చాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, పొడుగాటి ఖాళీ బీచ్, సాయంత్రం పూట బాగుంటుంది, అంతే. దాని కంటే దగ్గర్లోని శాలిహుండం నాకు ఎక్కువ నచ్చింది. కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, పైనుంచి చూస్తే కింద వంశధార ఇసక తిన్నెలు. ఈ చోటుని 1919లో కనిపెట్టింది గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన నాకు తెలుసు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే, ఇలా కొండలెక్కి ఇటుకలు వెతికారని తెలిసి చాలా సంతోషం వేసింది. అత్తగారు సగం మెట్ల దాకా వచ్చి చెట్టు కింద కూర్చుండిపోయారు. నీళ్లు తీసుకెళ్లండి, పైన ఏమీ దొరకవు.

టెక్కలిలో రెండు రాత్రులు, రూము 1,100. అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుని తేలినీలాపురం, నౌపడ తిరిగాం, రానూపోనూ ఆగడం కలిపి 700, ఆ అబ్బాయి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి, ఇళ్ల మధ్యలో, పెరళ్లలో. వాసన గట్టిగానే ఉంటుంది, ఊరివాళ్లు మాత్రం ఒక్క రాయి వేయనివ్వరు. సెప్టెంబరు నుంచి మార్చి లోపల వెళ్లాలి. నౌపడ ఉప్పు మడుల దగ్గర మధ్యాహ్నం ఎండలో నిలబడితే కళ్లు తెరవలేం. ఒకతను పలకతో ఉప్పు గట్టుకి లాగుతున్నాడు, కాళ్లకి పగుళ్లు, ఆ పగుళ్లలో తెల్లగా ఉప్పు. అత్తగారు ఆటోలోంచి దిగి తన సీసాలో మంచినీళ్లు ఇచ్చి వచ్చారు.

చివరి రెండు రోజులు సోంపేట, బారువ. దారంతా ఉద్దానం ప్రాంతమే, జీడి, కొబ్బరి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఈ తోటలే కూలిపోయాయి, మళ్లీ నాటిన కొబ్బరి మొక్కలు వరసగా కనిపిస్తాయి. ఉద్దానం అంటే కిడ్నీ జబ్బులే గుర్తొచ్చి మేము భయంభయంగా డబ్బా నీళ్లు మోసుకెళ్లాం. బస్సులో పక్కనున్న పెద్దాయన హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు వస్తున్నాయని, 2023 చివర్లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి పెట్టారని చెప్పాడు, వాళ్ల తమ్ముడు డయాలసిస్‌కి ఇదివరకు విశాఖ వెళ్లేవాడట, ఇప్పుడు పలాసకే వెళ్తున్నాడట. అది విన్నాక అత్తగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

బారువ పాత రేవు. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది అక్కడే. 1917లో చిల్కా అనే ఓడ మునిగిపోయింది ఈ ఒడ్డు దగ్గరే. ఇప్పుడు కొబ్బరి తోటలు, నాలుగు తెప్పలు, నిశ్శబ్దం. అక్కడి నుంచి సోంపేట తిరిగొచ్చి బోర్డు కూడా లేని మెస్సులో తిన్న భోజనం గురించి చెప్పకపోతే పాపం. మనిషికి 90. పనసపొట్టు ఆవ పెట్టి చేశారు, పొట్టు మరీ మెత్తగా కాకుండా పంటికి తగిలేలా, ఆవ ఘాటు సరిగ్గా ముక్కుకి ఎక్కేంత, ఎండుమిరపకాయ, జీడిపప్పు పోపు. అత్తగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. వంట చేసినావిణ్ణి బయటికి పిలిపించి, ఆవ ఎప్పుడు కలుపుతావమ్మా అని అడిగి, దించి చల్లారాకే అని చెబితే "నేనూ అంతే" అని ఆవిడ భుజం తట్టారు. కాటేజీ రాత్రి తర్వాత ఆవిడ అంత ఉత్సాహంగా ఉండటం అదే చూడ్డం.

రైలు ఛార్జీలతో సహా ముగ్గురికీ తొమ్మిది రోజులకి 24,700 అయింది, పొందూరు గుడ్డ, పలాసలో కొన్న రెండు కిలోల జీడిపప్పు అందులో లేవు. ఆ కాటేజీ ఒక్కటే అన్నీ కలిపి ఏడు వేలు మింగింది.

టీ బడ్డీ ఆవిడ నంబరు అత్తగారు తీసుకున్నారు. మొన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటకి బందు, మగాళ్లంతా ఇంటి దగ్గరే ఉంటారు, అప్పుడు రండమ్మా, పనసపళ్లు కూడా వచ్చేస్తాయి అందట. మే నెలలో ఆ ఎండకి తట్టుకోలేరు అత్తయ్యా అంటే వినడం లేదు, చెలమ ఉంది కదా అంటున్నారు, మావారేమో రాత్రి రైలుకి సీట్లు ఉన్నాయో లేదో అప్పుడే చూసేస్తున్నారు.