కర్నూలులో ఐదేళ్ల మిద్దె సోలార్: ఎండ చాలింది, లైనే చాలలేదు

మా మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి ఐదేళ్లు దాటింది. మేం లైనుకు పంపేదీ, లైను నుంచి వాడేదీ లెక్కగట్టే నెట్ మీటర్ ఉంది, బ్యాటరీ లేదు. పెట్టించుకోవాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పెట్టించుకోండి, కానీ ఏ కంపెనీ ప్యానెళ్లు మంచివో వాకబు చేసే ముందు మీ వీధి లైను సంగతి చూసుకోండి.

ప్యానెళ్లకు వంక పెట్టలేను. మంచి ఎండ ఉంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. మేలో ఇంకా ఎక్కువ వస్తాయనుకున్నా, రాలేదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ దిగుబడి పడిపోతుంది, మాకు ఫిబ్రవరి, మార్చే మేలు. దుమ్ము మాత్రం కడుగుతుండాలి.

అసలు ఇబ్బంది మూడో ఏడాది మొదలైంది. వీధిలో ఇంకో నాలుగిళ్లకు సోలార్ వచ్చాక, మిట్టమధ్యాహ్నం మా ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఆగిపోవడం, కాసేపటికి లేవడం, మళ్లీ ఆగడం. చెడిపోయిందేమోనని టెన్షన్ పడి మెకానిక్‌ను రెండుసార్లు పిలిచాం. తీరా చూస్తే వోల్టేజీ 254! లైను 230 మీద నడవాలి, 253 దాటితే లైను నుంచి విడిపోయేలా మా ఇన్వర్టర్‌ను అమర్చారు. మన కరెంటు బయటికి పోవాలంటే లైనులో కంటే మన దగ్గర వోల్టేజీ కాస్త ఎక్కువుండాలి కదా, అందరూ ఒకే వేళకు తోస్తుంటే, వాడేవాళ్లు లేకపోతే, పైగా తీగ సన్నదైతే, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా చివరనున్న మాలాంటి ఇంట్లో అది పెరిగిపోతుంది. కరెంటాఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాక ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీని సర్దే ట్యాప్ తగ్గించారు, సర్వీసు వైరు లావుది వేయించుకున్నాం. అన్ని రోజుల ఎండ వృథా అయిందని ఇప్పటికీ బాధే.

ఇంకోటి, లైనులో కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మనింటి నుంచి షాక్ కొట్టకూడదు కాబట్టి అది న్యాయమే, కానీ అమ్మేటప్పుడు మాకెవరూ చెప్పలేదు. కోతలెక్కువ ఉన్న ఊళ్లో ఖర్చైనా, లైను పోయినా బ్యాటరీతో ఇంటికి కరెంటిచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ తీసుకోండి.

వచ్చే వేళ ఒకటి, వాడే వేళ ఒకటి అనే మా వీధి తంటానే పెద్దెత్తున, ఊళ్లన్నిటినీ కలిపే లైన్ల వ్యవస్థ గ్రిడ్‌కూ ఉంది. గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పగలు ఇచ్చేది పొద్దుగూకితే ఉండదు, లైట్లూ ఫ్యాన్లూ వేసేది అప్పుడే. పిన్నాపురంలో మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు అందుకే.

మా ఇంట్లో మోటరు, వాషింగ్ మెషీను, పిండి గ్రైండరు ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటలకే, వచ్చే కరెంటు ఇంట్లోనే ఖర్చయ్యేలా. ఆ వేళకు వోల్టేజీ 245 దాటడం లేదు.