నీల్ ఐలాండ్‌లో నాలుగేళ్లు: అద్దె తక్కువే, ఓడే ఖరీదు

అండమాన్‌లో మా దీవికి 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, జెట్టీ దగ్గర ఇప్పటికీ అందరి నోటా నీలే. మాది వైజాగ్. నేను లెక్కలు రాసే పని ఇంటి నుంచే చేస్తాను కాబట్టి నాలుగేళ్ల కిందట నేనూ మా ఆవిడా ఇక్కడికి వచ్చేశాం. "నెలకెంత అవుతుంది?" అని చాలామంది అడుగుతారు. మామూలు నెలైతే ఇద్దరికీ 24 వేలు. మామూలుగా లేని నెలల సంగతే వేరు.

రెండు గదుల ఇల్లు, వెనక బావి, 4 కొబ్బరి చెట్లు కలిపి అద్దె 8 వేలు. ఏడాదికి కాగితం రాయించుకోండి. మేం నోటిమాట మీద దిగితే, టూరిస్టులొచ్చే వేళకి అక్టోబరులో ఖాళీ చేయమన్నారు.

పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో దానికీ శ్రీ విజయపురం అని పేరు మార్చారు) కూరగాయలు పంపే దీవి ఇది. వంకాయ, సొరకాయ, చిక్కుడు పొలం దగ్గరే కొనొచ్చు. వంజరం కూడా మా వైజాగ్ కంటే చవక. ఉల్లి, బంగాళదుంప, పప్పు, నూనె మాత్రం మెయిన్‌ల్యాండ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఒక ఓడలో, అక్కడి నుంచి ఇక్కడికి ఇంకోదాంట్లో రావాలి. రెండు ఓడల కిరాయీ మన సంచీలోనే పడుతుంది. ఓసారి తుఫాను హెచ్చరికతో 5 రోజులు ఓడలు ఆగిపోయాయి. కొట్లో బస్తా అడుగున మిగిలినవన్నీ మొలకలొచ్చిన ఉల్లిపాయలే, కిలో 90. కొట్టు దాదా (బెంగాలీలో దాదా అంటే అన్న) ఒక్కో మొలకా గిల్లి పక్కన పెట్టి, ఉల్లిపాయలు తూచి, ఆ మొలకలు ఊరికే చేతిలో పెట్టాడు, పప్పులో వేసుకోమని.

దేశంలో పెట్రోలు బాగా చవకగా దొరికే చోట్లలో అండమాన్ ఒకటి. కానీ ఎక్కడికని తిరుగుతాం? జెట్టీ నుంచి సీతాపూర్ బీచ్‌కి 5 కిలోమీటర్లు, ఆ తర్వాత సముద్రమే.

అసలు దెబ్బ జబ్బు చేసినప్పుడు. జులైలో నాకు పన్ను నొప్పి. ఇక్కడి ఆస్పత్రిలో మాత్రలిచ్చారు, పన్ను తీయాలంటే పోర్ట్ బ్లెయిరే. ఓడలో 2 గంటలు, పన్ను పీకడానికి 20 నిమిషాలు, తిరుగు ఓడ కోసం 4 రోజులు. డాక్టరుకి ఇచ్చింది 600. లాడ్జి, భోజనం, టికెట్లు కలిపి 9 వేలు దాటింది. ఐలాండర్ కార్డు (ఇక్కడి స్థానికులకిచ్చే గుర్తింపు కార్డు) ఉన్నవాళ్లకి సర్కారు ఓడ టికెట్టు చాలా తక్కువ, మాకది లేదు. ఆ 4 రోజుల్లో దొరికిన సుఖం ఒక్కటే: పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు ఎక్కువుండే జంగ్లీఘాట్‌లో, చేపలమ్మే చోట వాపు దవడతో నిలబడి శ్రీకాకుళం యాస వినడం.

ఉప్పుగాలి ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. 4 ఏళ్లలో 3 మిక్సీలు, 2 ఫ్యాన్లు తుప్పు పట్టిపోయాయి. బాగు చేయించాలన్నా మళ్లీ ఓడెక్కాలి, అందుకే కొత్తది కొనడమే నయం. వానాకాలంలో నెట్ పోతే నా పనీ పోతుంది. అందుకని రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నాను, గాలివాన గట్టిగా కొడితే రెండూ ఒకేసారి పడుకుంటాయి.

అయినా మొన్ననే ఇంకో ఏడాదికి కాగితం రాశాం. మా బావమరిది వైజాగ్ ఓడలో వస్తానన్నాడు. ఆ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో మాత్రం ఇంకా తేలలేదు. నాలుగో మిక్సీ, 5 కిలోల ఆవకాయ అతని సామాన్లోనే ఉన్నాయి.