గోత్‌ల ఊళ్లో రెండు రాత్రులు, లాంబార్డుల ఊళ్లో ఒక పూట

మా బావ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. అక్కతో కలిసి గుంటూరు నుంచి మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు పారిస్ తీసుకెళ్తానంటే వద్దన్నాడు. "ముప్పై ఏళ్లు క్లాసులో 'అనాగరిక తెగల దాడులతో రోమ్ కూలిపోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేశాన్రా. ఆ తెగలవాళ్లు ఏం కట్టారో ఒక్కసారైనా చూడాలి" అన్నాడు. ఆ తెగల్లో ఒకటైన గోత్‌ల దగ్గరికి వెళ్తున్నామంటే అక్క "గోతుల్లోకి మీరు దిగండి, నేను గట్టు మీద కూర్చుంటా" అంది. అయినా మాతోనే వచ్చింది.

మ్యూనిక్ నుంచి ఇటలీలోని బొలోన్యాకి నేరుగా రైలుంది. అక్కడ ప్రాంతీయ రైలు పట్టుకుంటే, ఒకప్పుడు గోత్‌లు ఏలిన రవెన్నా గంటా పావు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీదున్న మెషీన్‌లో ముద్ర కొట్టించుకోవాలి, మర్చిపోతే జరిమానా. ఈ ఊరిని బొలోన్యా నుంచి ఒక్క పూటలో చుట్టేసి రావచ్చని చాలామంది చెబుతారు. ఆ మాట వినకండి, రెండు రాత్రులు ఉండాల్సిన ఊరిది.

బస మాత్రం దెబ్బకొట్టింది. పాత ఊరి మధ్యలో అపార్ట్‌మెంటు, ఫొటోల్లో చూస్తే ముచ్చటగా ఉంది. తీరా వెళ్తే రిసెప్షన్ లేదు, తలుపు తీసే కోడ్ ఫోన్‌కి రాలేదు, వీధిలో సూట్‌కేసుల మీద ముప్పావుగంట కూర్చున్నాం. పైన మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. అక్క మోకాళ్ల సంగతి మీరే ఊహించుకోండి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పది యూరోలు ఎక్కువైనా స్టేషన్ దగ్గర మనిషి కనిపించే హోటల్ చూసుకోండి. ఊరంతా చదునే, అక్కడి నుంచైనా అన్నీ నడకే.

టికెట్ల విషయంలో చిన్న మెలిక ఉంది. సాన్ వితాలె చర్చి, గల్లా ప్లాచీదియా సమాధి మందిరం, సాంత్ అపొల్లినారె నువోవో చర్చి లాంటివి చర్చి వాళ్ల చేతిలో ఉన్నాయి, వాటికి ఒకే టికెట్. గోత్‌ల రాజు థియోడోరిక్ సమాధి, ఏరియన్ల (గోత్‌ల క్రైస్తవ శాఖ) బాప్టిస్టరీ, అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరం, ప్రభుత్వానివి, వాటి టికెట్లు వేరు. గల్లా ప్లాచీదియాకి ముందే టైమ్ బుక్ చేసుకోవాలి, లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు. కిటికీలకు అద్దాల బదులు అలబాస్టర్ అనే రాయి పలచని పలకలు బిగించారు. అందులోంచి తేనె రంగు వెలుతురు పడుతుంటే పైన నీలి కప్పులో నక్షత్రాలు ఒక్కొక్కటే తేలతాయి. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేలోపు బయటికి పంపేస్తారు, అదొక్కటే కష్టం.

ఈ గల్లా ప్లాచీదియా అనే ఆవిడ కథ బావ క్యూలోనే చెప్పాడు. 410లో గోత్‌ల రాజు అలారిక్ రోమ్‌ని దోచినప్పుడు గోత్‌లు రోమ్ చక్రవర్తి చెల్లెలైన ఆమెను వెంట తీసుకుపోయారు. 414లో వాళ్ల రాజు అతావుల్ఫ్ ఆమెను పెళ్లాడాడు. ఏడాది తిరిగేసరికి అతను హత్యకు గురయ్యాడు. ఆకలితో అల్లాడుతున్న గోత్‌లు చివరికి 6 లక్షల కొలతల ధాన్యం తీసుకుని ఆమెను రోమ్‌కి అప్పగించారు. "అంటే ఆడపిల్లను బియ్యానికి మార్చుకున్నారన్నమాట" అంది అక్క. చిత్రమేమిటంటే ఆమె 450లో రోమ్‌లో చనిపోయింది. ఆమె పేరు పెట్టుకున్న ఈ సమాధిలో ఆమె లేదనే పండితులు అంటారు.

మేం ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం సాంత్ అపొల్లినారె నువోవోలో. ఇది ఆస్ట్రోగోత్‌ల (గోత్‌లలో ఒక శాఖ) రాజు థియోడోరిక్ తన కోట పక్కన కట్టించుకున్న చర్చి. చిన్నప్పుడు కాన్‌స్టాంటినోపుల్‌లో బందీగా పదేళ్లు పెరిగాడు. తర్వాత ఇటలీ మీదికి వచ్చి, 493లో అప్పటిదాకా ఇటలీని ఏలుతున్న ఓడోఎకర్‌తో రాజీ కుదుర్చుకుని, విందుకి పిలిచి తన చేత్తోనే నరికాడు. ఆ చేత్తోనే ముప్పై ఏళ్లకు పైగా ఇటలీని నిలకడగా ఏలాడు. గోత్‌లు ఏరియన్ క్రైస్తవులు, క్రీస్తు తండ్రితో సమానుడు కాడనేవాళ్లు. 540లో బైజాంటియం (తూర్పు రోమ్ సామ్రాజ్యం) సైన్యం ఊరు పట్టుకున్నాక ఆ గుర్తులన్నీ చెరిపేశారు. కుడి గోడ మీద తలుపు వైపు, అమరవీరులు నడిచే వరుస మొదట్లో, థియోడోరిక్ రాజభవనం మొజాయిక్ (చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ) ఉంటుంది. స్తంభాల మధ్య నిలబడ్డ మనుషుల్ని పీకేసి, ఆ చోట తెల్లటి తెరలు అతికించారు. కానీ పనివాడు తొందరపడ్డాడో, బద్ధకించాడో, స్తంభాల మీదికి చాచిన చేతులు అలాగే వదిలేశాడు. తెల్ల స్తంభానికి అడ్డంగా ఒక మోచేయి, అరచేయి, ఐదు వేళ్లు. ఆ చేయి ఎవరిదో ఆ మనిషి మాత్రం లేడు.

బావ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "పరీక్షపేపర్లో కొట్టేసిన జవాబులా ఉందిరా. కింద ఏం రాశాడో కనిపిస్తూనే ఉంది" అన్నాడు.

సాన్ వితాలె గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ చెప్పను. బైజాంటియం చక్రవర్తి జస్టీనియన్, ఆయన భార్య థియోడోరా ఇద్దరూ గోడ మీద మెరిసిపోతుంటారు, ఈ ఊళ్లో మాత్రం ఏనాడూ అడుగుపెట్టలేదు.

థియోడోరిక్ సమాధి స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. మొజాయిక్‌ల తళుకులు చూసిన కళ్లకి మొదట వెలితిగా ఉంటుంది. పైకప్పు దగ్గర ఆగండి. అదంతా ఒకే రాయి, అడ్డం 10 మీటర్లు దాటుతుంది, బరువు 200 టన్నులకు పైమాటే, సముద్రం అవతల ఇస్ట్రియా నుంచి తెచ్చారు. దాన్ని పైకెలా ఎక్కించారన్న దాని మీద బావకి, పక్కనున్న ఇటాలియన్ పెద్దాయనకి చేతి సైగలతోనే పావుగంట వాదన నడిచింది. జనం మాత్రం చాలా తక్కువ, అక్క నీడలో హాయిగా కూర్చుంది.

తిండి గురించి శాకాహారులకు ఒక హెచ్చరిక. ఇక్కడి పియదీనా చూడ్డానికి మన మందపాటి పుల్కాలా ఉంటుంది, చీజు పెట్టి ఇస్తే అక్కకి ప్రాణం లేచొచ్చింది. కానీ సంప్రదాయంగా పిండిలో పంది కొవ్వు కలుపుతారు. "స్ట్రుట్టో" లేకుండా, ఆలివ్ నూనెతో చేసింది అడగండి. మేం రెండోరోజు తెలుసుకున్నాం. మొదటిరోజు సంగతి అక్కకి ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత ఉత్తరాన ఉదినె. దారిలో రైళ్లు మారాలి, సగం రోజు పోతుంది. అక్కడ చిన్న కుటుంబం నడిపే హోటల్‌లో దిగాం, గది ఇరుకైనా శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఫ్లాస్కులో పోసి మరీ ఇచ్చారు. ఉదినె నుంచి 17 కిలోమీటర్లలో చివిదాలె. 568లో తమ రాజు ఆల్బోయిన్ వెంట వచ్చిన లాంబార్డులు అనే మరో తెగ ఇటలీలో మొదటి డచీ (డ్యూక్ ఏలే ప్రాంతం) పెట్టుకున్న ఊరు. పూట చాలు. మ్యూజియంలో సమాధుల్లో దొరికిన బంగారు శిలువలు చూడండి, రేకు చాక్లెట్ కాగితమంత పలచన. అంచుల్లో సన్నని రంధ్రాలు, శవం మీద గుడ్డకి కుట్టడానికి. నది పైనున్న టెంపియెట్టో అనే చిన్న ప్రార్థన మందిరంలో గచ్చుతో చేసిన ఆరుగురు స్త్రీలు పన్నెండు వందల ఏళ్లుగా నిటారుగా నిలబడి ఉన్నారు, అక్కకి మొత్తం ప్రయాణంలో నచ్చింది వాళ్లే.

చివరి సాయంత్రం ఉదినె కోటగుట్ట ఎక్కాం. 452లో దక్షిణాన అక్విలేయా నగరం తగలబడుతుంటే చూడటానికి హూణుల రాజు అట్టిలా సైనికులు శిరస్త్రాణాల్లో మట్టి మోసి ఈ గుట్ట పోశారని ఊళ్లో కథ. బావ కొట్టిపారేశాడు. హోటల్ ఆవిడని అడిగితే నవ్వి, ఈమధ్య లోపలిదాకా డ్రిల్లింగ్ చేసి చూశారని చెప్పింది. గుట్ట నిజంగానే మనుషులు పోసిందేనట. కాకపోతే అట్టిలా కంటే వెయ్యేళ్లకు పైగా ముందు, కంచు యుగంలో.