రిసార్టులో కల్లు గ్లాసు 180, చెట్టు కింద రేక 20

ముందు ధరలు చెప్తా, తిట్లు తర్వాత. లక్నవరం వైపు ఒక రిసార్టు. గది రాత్రికి 4,800, జీఎస్టీ వేరే, మా అత్తమ్మకు నేల మీద వేసిన పరుపుకు ఇంకో 900. ఆ పరుపు దుప్పటి కన్నా కొంచెం మందం, అంతే. బాత్రూంలో వేడినీళ్ళు పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా మాత్రమేనట. ఇవన్నీ ఓర్చుకునేవాణ్ణే. నేను పడిపోయింది వాళ్ళు వాట్సాప్‌లో పంపిన ఫొటోకు: తాటిచెట్టు, కింద లొట్టి అంటే కల్లు కుండ, పక్కన ‘చెట్టు నుంచి నేరుగా మీ గ్లాసులోకి’ అన్న రాత.

పడిపోవడానికి కారణం మా బామ్మర్ది. నాసిక్ పోయి ద్రాక్షతోటలు చూసొచ్చినప్పటి నుంచి ఓక్ పీపాలు, వింటేజీ (వైను ఏ ఏటిదన్న లెక్క), గ్లాసు తిప్పి వాసన చూడడం అంటూ ఇంట్లో అందరి బుర్రా తింటున్నాడు. పీపాలు అక్కర్లేని సరుకు మన దగ్గరా ఉందని చూపిద్దామని ఫిబ్రవరి ఆఖర్లో అందరినీ కారెక్కించాను.

సాయంత్రం ఆరింటికి కల్లు స్టీలు జగ్గులో వచ్చింది. గ్లాసు 180. పాలలాగా తెల్లగా ఉంది, నురగ లేదు, వాసన లేదు. నాలుక మీద తీపి, మింగాక గొంతులో చేదు. చక్కెర బదులు వాడే సాకరిన్ వేశారని చెప్పడానికి ల్యాబ్ అక్కర్లేదు. తాటి పూగెల నుంచి కారే రసం తియ్యగానే ఉంటుంది. కానీ లొట్టిలో పడ్డ నిమిషం నుంచే ఈస్టు పని మొదలుపెడుతుంది. గంట గంటకూ తీపి తగ్గుతుంది, నురగ, ఘాటు, పులుపు వస్తాయి. ఎండకు నిలబడ్డ కల్లు సాయంత్రానికి పుల్లగా ఉండి తీరాలి. అప్పటికీ శర్బత్‌లాగా ఉందంటే అందులో ఎవరిదో చెయ్యి పడ్డట్టే. సాకరిన్‌తో పోతే అదృష్టమే. మన రాష్ట్రంలో కల్తీ కల్లు కేసు ఎక్కడ బయటపడ్డా ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందుల పేర్లే వినిపిస్తాయి.

మేనేజర్ని అడిగితే, “సప్లయర్ ఇచ్చింది సార్, అందరూ బాగుందనే అంటున్నారు,” అన్నాడు. మా ఆవిడ మొహం అప్పటికే మాడిపోయింది. మా అత్తమ్మది పరకాల దగ్గర పల్లె. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇది కల్లా? బియ్యం కడిగిన నీళ్ళు నయం,” అని పక్కకు నెట్టేసింది. బిల్లులో మాత్రం నాలుగు గ్లాసులకు 720 పడింది.

మర్నాడు రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, పొద్దున్నే పోతే జనం ఉండరు. ఇంతకు మించి నేను చెప్పేదేం లేదు.

తిరిగొస్తూ ఛాయ్‌కి ఆగినచోట అత్తమ్మ హోటలామెతో మాట కలిపి, కల్లు గీసే గౌండ్లవాళ్ళ తాటివనం ఎక్కడో కనుక్కుంది. ఆ ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారం అక్కడ యాభై కార్లుంటాయి, వాళ్ళు గీసేవేమో పన్నెండు తాటిచెట్లు.

కొడుకు చెట్టెక్కుతాడు, కోడలు లొట్లు దించుకుని వడగడుతుంది, ముసలాయన కూర్చుని కత్తులు నూరుతాడు. అంతే కంపెనీ. మేం పోయేసరికి కొడుకు చెట్టెక్కే తాడు, సరంజామా, అదే మోకు ముస్తాదుతో సగం చెట్టు మీదున్నాడు. పైన ఏం చేస్తాడో కింద నుంచి కనబడదు కదా, ముసలాయనే ఎండిన పోతుతాటి (మగచెట్టు) పూగెల తెచ్చి చూపించాడు. వేళ్ళలాంటి కొసలను కలిపి కట్టి, కర్రల మధ్య ఒత్తి, కత్తితో కొసన పలచని పొర తీయాలి. చూపిస్తూ తీసిన ఆ పొర ఉల్లిపొరంత ఉంది, అవతలి వెలుగు కనబడుతోంది. “గింత ఎక్కువ తీస్తే గెల జల్ది అయిపోతది. తక్కువ తీస్తే కల్లు రాదు,” అన్నాడు. పూటపూటకూ ఎక్కి ఇదే పని.

బామ్మర్ది ఊరుకుంటాడా? “తాతా, ఇది ఎప్పటిది?” అన్నాడు వింటేజీ అడిగినట్టు.

“పొద్దుగాలది బిడ్డా. నిన్నటిదైతే పులుసుల పోసుకోవాలె.”

తాటాకు రేకను దొన్నెలా మడిచి చేతికిచ్చి, కోడలు పైనుంచి పోసింది. నురగ మీద చీమ ఒకటి తేలుతుంటే ఊదేసి తాగమంది. తీపి, వెనకే సన్నటి పులుపు, ముక్కులోకి కొట్టే చిరుఘాటు. బామ్మర్ది గ్లాసు తిప్పడం మర్చిపోయి రెండో రేక అడిగాడు. ఇందులో మత్తు మామూలుగా నాలుగైదు శాతమే, వైనులో దానికి రెండు మూడింతలు. మా ఆవిడకు నీరా, అంటే పులవని రసం ఇచ్చారు. అది లొట్టి లోపల సున్నం పూసి పట్టింది, సున్నానికి పులవడం ఆగుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచిందీ నీరా కోసమే.

పాక గోడకు మొగలుల మీద తిరగబడ్డ గౌండ్ల వీరుడు సర్వాయి పాపన్న బొమ్మ ఉంది. “1708ల ఓరుగల్లు కోట కొట్టిండు మావోడు,” అని ముసలాయన నిన్నమొన్నటి సంగతిలా చెప్పాడు. చెట్టు మీంచి పడకుండా 2024లో సర్కారు ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్టు గురించి కొడుకును అడిగితే, “పానానికి మంచిదే సారూ. కని చెట్టు చెట్టుకు ఇప్పి కట్టేటాలకు పొద్దెక్కుతది,” అన్నాడు. వాళ్ళన్న చెట్టు మీంచి పడి మంచాన ఉన్నాడని కోడలు చెప్పాక ఆ మాట ఇంకెవరం పొడిగించలేదు.

లెక్క ఇదీ: రేక 20, లొట్టి మొత్తం తీసుకుంటే 300, ఉల్లిగడ్డ వేసిన బొబ్బర్ల గుడాలు 40. ముందే చెప్తే నాటుకోడి, జొన్నరొట్టెలు నలుగురికి 1,100. కారం గట్టిగానే పడుతుంది, పిల్లలుంటే చెప్పి తగ్గించుకోండి. పోయేవాళ్ళు ఎనిమిదిలోపే పోవాలి, డ్రైవింగ్ చేసేవాడు నీరాతో సరిపెట్టుకోవాలి. ఆ రోజు అది నేనే. ఒక్క రేక రుచి చూసి, మిగతా అంతా నీరాయే. గది మాత్రం హన్మకొండలో తీసుకోండి, 1,500కు శుభ్రమైన లాడ్జి దొరుకుతుంది, వేడినీళ్ళు ఏ వేళైనా వస్తాయి.

ఇంటికి తీసుకుపోవాలనుకునేవాళ్ళకు ఒక మాట. సీసా నిండా పోయొద్దు, మూత బిగించొద్దు. లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది. కోడలు రెండుసార్లు చెప్పినా వినకుండా బామ్మర్ది తన రెండు లీటర్ల ఖరీదైన సీసాకు మూత గట్టిగా తిప్పాడు. జనగామ దాటకముందే డిక్కీలో ఢామ్మంది. కారు లోపలంతా కడిగించడానికి 650 అయింది, అది వాడి చేతే కట్టించింది మా ఆవిడ.