సీఎస్‌పీ, ఎంఎస్‌పీ-1: మలేరియా పరాన్నజీవి ఒంటిమీది రెండు ప్రోటీన్లు

దోమ కాటుతో చర్మంలోకి దిగే పరాన్నజీవి రూపాన్ని స్పోరోజోయిట్ అంటారు; దాన్ని సీఎస్‌పీ (సర్కమ్‌స్పోరోజోయిట్ ప్రోటీన్) దట్టంగా కప్పి ఉంటుంది. కాలేయం నుంచి రక్తంలోకి వెలువడి ఎర్ర రక్తకణాల్లోకి చొరబడే తర్వాతి రూపం మీరోజోయిట్; దాని ఒంటిమీద ఆ స్థానం ఎంఎస్‌పీ-1 (మీరోజోయిట్ సర్ఫేస్ ప్రోటీన్-1)ది.

సీఎస్‌పీని కేవలం పైతొడుగు అనుకోవడం పొరపాటు. ఆ జన్యువును తొలగిస్తే దోమ కడుపు గోడపై పెరిగే ఊసిస్ట్ అనే తిత్తిలో స్పోరోజోయిట్లు సరిగా ఏర్పడనే ఏర్పడవు. కాలేయాన్ని చేరాక అక్కడి కణాలపై ఉండే హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసును పట్టుకునేదీ, ఆ స్పర్శతో ఒకచోట తెగి కణప్రవేశానికి దారి తీసేదీ ఇదే. మలేరియా పరాన్నజీవుల్లో ఒకటైన ఫాల్సిపారం జాతిలో దీని నడిమి భాగాన ఆస్పరాజిన్, అలనిన్, ఆస్పరాజిన్, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాల వరుస పదుల సార్లు పునరావృతమవుతుంది.

ఎంఎస్‌పీ-1 కథ అంతా కోతలదే. లోపల పెరిగిన మీరోజోయిట్లు బయటపడేలా ఎర్ర రక్తకణం పగలబోయే ముందు పరాన్నజీవి సబ్-1 ఎంజైము దీన్ని నాలుగు ముక్కలు చేస్తుంది. అలా తెగిన ప్రోటీన్ కణం లోపలి స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని, పరాన్నజీవి బయటపడేందుకు తోడ్పడుతుంది. కొత్త కణంలోకి చొరబడేటప్పుడు సబ్-2 అనే ఎంజైము మరో కోత వేయగా, 19 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలిచే ప్రమాణం) చిన్న తునక మాత్రమే లోపలికి వెళ్తుంది.

టీకా లక్ష్యంగా నా మొగ్గు సీఎస్‌పీ వైపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, 2023లో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్, ఆర్21 టీకాలు రెండూ దీనిపై ఆధారపడినవే. ఎంఎస్‌పీ-1 రకరకాల రూపాల్లో ఉంటుంది, పైగా మీరోజోయిట్ కణం వెలుపల గడిపేది కొద్ది నిమిషాలే. కెన్యా చిన్నారులపై పరీక్షించిన ఎంఎస్‌పీ-1 టీకా రక్షణ ఇవ్వలేకపోయింది. అయితే సీఎస్‌పీ రక్షణను తప్పించుకున్న ఒక్క స్పోరోజోయిట్ కాలేయంలో వేల మీరోజోయిట్లు కాగలదు, వాటి మీద సీఎస్‌పీ ప్రతిరక్షకాలకు పట్టు దొరకదు.