రాత్రి తొమ్మిదిన్నరకి దానంతటదే ఆగిపోయే సిస్టమ్: ఆరేళ్లు వాడాక

మాది ఖమ్మంలో చిన్న డీటీపీ షాపు. నాలుగు సిస్టమ్‌లు, రెండు ప్రింటర్లు. షట్టర్ దించే హడావిడిలో ఏదో ఒక సిస్టమ్ ఆపడం మర్చిపోయేవాళ్లం. పొద్దున వచ్చేసరికి కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటూ ఉండేది. అందుకే విండోస్‌లోనే ఉన్న టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన టైముకి పని దానంతటదే చేసిపెట్టేది) రోజూ రాత్రి 9.30కి షట్‌డౌన్ పెట్టాను. పైసా ఖర్చు లేదు, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించే పనీ లేదు.

మొదట రాసిన కమాండ్ 'షట్‌డౌన్ /ఎస్ /ఎఫ్ /టి 0'. ఎస్ అంటే ఆపు, ఎఫ్ అంటే తెరిచున్నవన్నీ బలవంతంగా మూసెయ్, టి పక్కన అంకె ఎన్ని సెకన్లు ఆగాలో చెబుతుంది. అక్కడ సున్నా పెట్టడం నా తెలివితక్కువతనం. శ్రావణమాసం పెళ్లిళ్ల సీజన్లో ఒక రాత్రి మా కుర్రాడు శుభలేఖ టైపు చేస్తున్నాడు. ఆహ్వానించే పెద్దల పేర్లే పద్దెనిమిది. సరిగ్గా తొమ్మిదిన్నరకి తెర నల్లబడింది. "అన్నా, కరెంటు ఉంది గదా, ఇదేంది ఇట్లయింది?" అన్నాడు. సేవ్ చెయ్యలేదు. పదకొండు దాకా ఇద్దరం మళ్లీ కూర్చున్నాం.

మర్నాడే సున్నా తీసి 600 పెట్టాను. ఇప్పుడు పది నిమిషాల ముందే తెర మీద హెచ్చరిక వస్తుంది. ఒక మెలిక ఉంది. టి సున్నా కంటే ఎక్కువైతే ఎఫ్ రాయకపోయినా బలవంతంగానే మూస్తుంది. గడువు దాటాక సేవ్ చెయ్యని ఫైలు మీద ఆశ వదులుకోవడమే. అందుకే 'షట్‌డౌన్ /ఏ' తో ఒక షార్ట్‌కట్ చేసి, డెస్క్‌టాప్ మీద 'ఆపు' అని పేరు పెట్టాను. పని మిగిలితే దాని మీద రెండు నొక్కులు, ఆ రాత్రికి షట్‌డౌన్ రద్దు.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం టాస్క్ షెడ్యూలర్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో ఒక చిన్న గడి. టైముకి జరగని పనిని వీలైనంత త్వరగా చెయ్యమనే టిక్ అది. మంచిదే కదా అని పెట్టేశాను. ఏదో పనిబడి సాయంత్రమే షాపు మూసిన మర్నాడు, సిస్టమ్ ఆన్ చేసిన కాసేపటికే ఆగిపోయింది. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బా) పోయిందనుకున్నా. ర్యామ్ ఊడదీసి, రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టా. రాత్రి జరగాల్సిన షట్‌డౌన్ పొద్దున తీరిగ్గా జరుగుతోందని తట్టేసరికి మధ్యాహ్నం దాటింది. షట్‌డౌన్‌కి ఆ టిక్ పెట్టనే పెట్టకండి.

ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్ ట్యాబ్ కూడా చూడండి. ఛార్జర్ పెట్టి ఉంటేనే నడవాలనే టిక్ ముందే ఉంటుంది. మా ఇంట్లో ల్యాప్‌టాప్ రాత్రంతా వెలుగుతూ ఉండటానికి కారణం అదే.

అనుకోని లాభం ఒకటి. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవ్వడానికి విండోస్‌లో ఉండే సౌకర్యం) ఉన్న సిస్టమ్‌ని స్టార్ట్ మెనూ నుంచి ఆపితే విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, డిస్క్‌లో దాచుకుని పొద్దున తెచ్చుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్, అంటే ఆగకుండా నడిచిన సమయం, రోజులకు రోజులు పెరుగుతూ పోతుంది. ఈ కమాండ్‌తో అయితే, /హైబ్రిడ్ అని చేర్చనంతవరకు, పూర్తిగా ఆగుతుంది. మా షేరింగ్ ప్రింటర్ పొద్దున్నే మొరాయించడం అప్పటి నుంచి తగ్గింది.

కమాండ్‌లో /సి తర్వాత, హెచ్చరికలో కనబడేలా మన మాట కూడా రాసుకోవచ్చు. 'సేవ్ చేశారా?' అని పెట్టాను. ఇప్పుడది తెర మీద పడగానే మాకంటే ముందు కస్టమర్లే కుర్చీల్లోంచి లేస్తున్నారు.