కొత్త ల్యాప్‌టాప్ మొరాయిస్తే: రీసెట్టా, క్లీన్ ఇన్‌స్టాలా?

కొన్న వారానికే విండోస్ 11 నత్తనడక నడుస్తూ, అప్‌డేట్లు మధ్యలో ఆగిపోతుంటే మిగిలేవి రెండు దారులు. (షాపువాళ్ల రిటర్న్ గడువు ఇంకా ఉంటే ముందు అది చూసుకోండి.)

రీసెట్ తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ 'రీసెట్ దిస్ పీసీ'. ఫైళ్లు ఉంచమంటే ఉంచుతుంది, మీరు వేసుకున్న యాప్‌లు మాత్రం పోతాయి. సిస్టమ్ ఫైళ్లే పాడయ్యాయని అనుమానముంటే క్లౌడ్ డౌన్‌లోడ్ (విండోస్‌ను నెట్ నుంచి తాజాగా దించుకోవడం) ఎంచుకోవాలి. అది 4 జీబీకి పైగానే లాగొచ్చు, మొబైల్ హాట్‌స్పాట్ మీదైతే ఆ రోజు డేటా హరీ! డ్రైవర్ల (వైఫై, డిస్క్ లాంటి భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) బెంగ పెద్దగా ఉండదు. కానీ కంపెనీ అంటగట్టిన ట్రయల్ యాంటీవైరస్ లాంటివి మళ్లీ తయారవ్వొచ్చు.

క్లీన్ ఇన్‌స్టాల్ అంటే డిస్క్ తుడిచి విండోస్ కొత్తగా వేయడం. అది ఆ చెత్తనంతా ఊడ్చేస్తుంది, మీ ఫైళ్లతో సహా. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ ఉంటే చాలు. లైసెన్స్ పోతుందన్న భయం అక్కర్లేదు, అదే ఎడిషన్ (హోమ్ లేదా ప్రో) వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. చిక్కంతా డ్రైవర్లతోనే. కొన్ని ఇంటెల్ మెషిన్లలో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్) డ్రైవర్ లేక ఇన్‌స్టాలర్‌కు ఎస్ఎస్‌డీయే (ఫైళ్లు దాచే డిస్క్) కనపడదు. వైఫై డ్రైవర్ లేకపోతే సెటప్ నెట్ దగ్గరే కూర్చుంటుంది. రెండూ ముందే దించి అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. ల్యాప్‌టాప్‌తో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ వచ్చివుంటే తుడిచేముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు కలపండి.

ఏది చేసినా 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి.

నేనైతే మొదట క్లౌడ్ రీసెట్టే చేస్తాను. క్లీన్ ఇన్‌స్టాల్ తర్వాత కూడా క్రాష్‌లు ఆగకపోతే నా అనుమానం ర్యామ్ మీదకో ఎస్ఎస్‌డీ మీదకో పోతుంది. ఇక వారంటీ కాగితాలు తీయాల్సిందే.